గుండ్రటి ఇంటికి నాలుగు హద్దులు

ఒకే విస్తీర్ణానికి చతురస్రం కన్నా వృత్తానికి చుట్టుకొలత తక్కువన్న సంగతి పిల్లల లెక్కల పుస్తకంలో ఉంది. జిల్లా గృహ వసతి మండలి దాన్ని కనుక్కోవడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. కనుక్కున్నాక మాత్రం ఆలస్యం చేయలేదు.

కనుక్కున్నది చీఫ్ ఇంజనీరు పట్నాయక్ గారు. మండలి సమావేశంలో ఆయన జేబులోంచి పురికొస తీసి, రెండు కొసలూ ముడివేసి, టేబులు మీద నలుచదరంగా పరిచారు. లోపల శనగగింజలు పోశారు. తర్వాత అదే పురికొసను గుండ్రంగా సర్ది మళ్ళీ పోశారు. ఈసారి ఒక గుప్పెడు ఎక్కువ పట్టాయి.

"గౌరవ సభ్యులు గమనించగలరు," అన్నారాయన. "పురికొస అదే. గింజలు పెరిగాయి. పురికొస స్థానంలో గోడనూ, గింజల స్థానంలో లబ్ధిదారులనూ ఊహించుకోవలసిందిగా ప్రార్థన."

సభ్యులు ఊహించుకున్నారు. గింజలు తిన్నారు. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

గోడల ఖర్చులో నూటికి పదకొండు రూపాయలు మిగులుతాయని అంచనా వేసి, పథకానికి 'వర్తుల వసతి' అని పేరు పెట్టారు. ఊరి చివర పాలకేంద్రం వెనక ఏడంతస్తుల కట్టడాలు ఆరు లేచాయి. అంతస్తుకు నాలుగు ఫ్లాట్లు, మధ్యలో మెట్లు. ఫ్లాటంటే నాలుగు వందల చదరపు అడుగుల గుండ్రటి గది. అందులోనే ఒక పక్క వంటగట్టు, ఒక పక్క అడ్డుపలక వెనక బాత్రూము. విధానంలో తేడా రాకూడదని శిలాఫలకాన్ని కూడా గుండ్రంగా చెక్కించారు. అక్షరాలు అంచు వెంబడి తిరిగాయి. ఆవిష్కరించిన మంత్రిగారు తన పేరు ఎక్కడ మొదలవుతుందో వెతుక్కుంటూ మెడ తిప్పి, కుదరక, ఫలకం ముందు నడుం కూడా వంచారు. అది వినమ్రత అని మర్నాటి పేపర్లు రాశాయి.

లాటరీలో సి బ్లాకు మూడో అంతస్తులో ఒక ఫ్లాటు గొర్లె అప్పలనరసమ్మ పేర వచ్చింది. నరసమ్మ బస్టాండు దగ్గర బండి మీద ఇడ్లీ, పుణుగులు వేస్తుంది. మొగుడు సూర్రావు ఆటో తోలుతాడు. ఇద్దరు పిల్లలు, అత్త సన్యాసమ్మ. అయిదుగురూ రేకుల గదిలో అద్దెకుంటున్నారు. ఆ గది పడగొట్టి షాపులు వేస్తానని ఓనరు పాపారావు చెప్పి చాలా రోజులయింది. కొన్నాళ్ళుగా ఆయన పొద్దున్నే వచ్చి, లోపల మనుషులు పడుకుని ఉండగానే, గది పొడవూ వెడల్పూ అడుగులేసి కొలుచుకుని వెళుతున్నాడు. ఆయన వచ్చినప్పుడల్లా సన్యాసమ్మ కాళ్ళు ముడుచుకుంటోంది.

అందుచేత ఇల్లు వచ్చిందనగానే నరసమ్మ బండి మూసేసి, మొగుణ్ణి తీసుకుని చూడ్డానికి వెళ్ళింది. వాచ్‌మన్ తలుపు తీశాడు. సూర్రావు గది మధ్యలో నిలబడి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"మూలేదే?" అన్నాడు.

"ఏ మూల?"

"ఏదో ఒక మూల. నాను అలిగితే ఎక్కడ కూసోవాల?"

"మద్దిలో కూసో. అందరికీ అగుపడతావు."

"బీరువా గోడకి ఆనదే ఇక్కడ."

"మనకి బీరువా ఉంటే గదా ఆనడానికి. కిటికీలు రెండున్నాయి సూడు మావా. గాలొస్తంది. మీ అమ్మ కాళ్ళు సాపుకోవచ్చు. గుండ్రంగా ఉంటే ఏటి, కోడిగుడ్డులాగుంటే ఏటి, ఇల్లే గదా."

సూర్రావు గోడ మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి తీయకుండా గదంతా నడిచి, బయల్దేరిన చోటికే వచ్చాడు. ఆ ఇంట్లో కొత్తవాళ్ళందరూ చేసే పని అదేనని వాచ్‌మన్ చెప్పాడు.

తాళం చెవి రిజిస్ట్రేషన్ అయ్యాకే ఇస్తారు. అది మండలి నిబంధన. రిజిస్ట్రేషన్‌కి నలుగురు లబ్ధిదారుల్ని మొదటి విడతగా పిలిచారు. అందులో నరసమ్మ మొదటిది. లేఖరి రాసిన దస్తావేజు తీసుకుని సబ్ రిజిస్ట్రారు డబ్బీరు ఆంజనేయులు గారి ముందు నిలబడింది.

ఆంజనేయులు గారు లంచం ముట్టరని పేరు. పని చేయించుకోవడానికి దారి లేదని దానర్థం. ఆయన దస్తావేజు మొదటి నుంచీ చదివి, హద్దుల దగ్గర ఆగారు.

"తూర్పు: గోడ. దక్షిణం: గోడ. పడమర: గోడ. ఉత్తరం: గోడ," అని పైకి చదివారు. "ఏ గోడ?"

"ఆ ఇంటి గోడేనండి," అంది నరసమ్మ.

"తూర్పున ఏ గోడ, దక్షిణాన ఏ గోడ?"

"ఒకటే గోడండి. సుట్టూ అదే."

ఆంజనేయులు గారు కళ్ళజోడు తీశారు. "ఒకే మనిషి నాలుగు చోట్ల సంతకం పెడితే నలుగురు సాక్షులవుతారా అమ్మా?"

"అవ్వరండి."

"ఇదీ అంతే. స్థిరాస్తికి నాలుగు హద్దులుండాలి. మీకున్నది ఒకటి. తూర్పు హద్దు ఎక్కడ ఆగింది, దక్షిణపు హద్దు ఎక్కడ మొదలైంది? ఆ చుక్క నాకు చూపించండి, ఇప్పుడే రిజిస్టరు చేస్తాను."

"గది మద్దిలో నిలబడి సెయ్యి సాపితే తూరుపేదో తెలుస్తాది గదా బాబూ."

"తూర్పు దిక్కు తెలుస్తుంది. తూర్పు హద్దు తెలియదు. చెయ్యి హద్దు కాదమ్మా."

సూర్రావు వెనక నుంచి ముందుకొచ్చాడు. "బాబుగారూ, దాన్ని దాటితే మూడంతస్తుల కిందకి పడిపోతాం. అంతకన్నా హద్దేటుంటాదండి?"

"అది ప్రమాదం. హద్దు వేరు," అన్నారు ఆంజనేయులు గారు. దస్తావేజు మీద ఎర్ర సిరాతో 'చతుస్సీమలు లేవు' అని రాసి తిప్పి ఇచ్చేశారు. మిగతా ముగ్గురివీ అలాగే తిరిగొచ్చాయి.

ఈ సంగతి మండలికి చేరేసరికి పాపారావు రేకుల గదికి కరెంటు తీయించాడు. నరసమ్మ మండలి ఆఫీసు మెట్ల మీద కూర్చుంది. పట్నాయక్ గారు ఆమెను లోపలికి పిలిపించి, కుర్చీ వేయించి, టీ కూడా ఇప్పించారు. ఆయన మర్యాదస్తుడు.

"మీ ఇల్లు భవిష్యత్తులో ఉందమ్మా," అన్నారు. "చట్టం గతంలో ఉంది. ఈ రెండింటికీ మధ్య సమన్వయం సాధించే దిశగా మండలి చర్యలు తీసుకుంటోంది."

"తాళం ఎప్పుడిస్తారు బాబూ?"

"సమన్వయం సాధించబడిన వెంటనే."

హద్దుల నిర్ధారణ ఉపసంఘం ఏర్పడింది. సర్వే శాఖ తరఫున మజ్జి తవుడు అనే సర్వేయరును సభ్యుడిగా వేశారు. తవుడు పాతికేళ్ళుగా పొలాలు కొలిచిన మనిషి. గొలుసు భుజాన వేసుకుని సి బ్లాకు మెట్లెక్కాడు. వెనక నరసమ్మ ఎక్కింది. గుండ్రటి గది చూసి అతనేమీ ఆశ్చర్యపోలేదు. ప్రభుత్వం కొలవమన్న చెరువులు కూడా అతను కొలిచి ఉన్నాడు.

"హద్దంటే రాయి. రాయంటే మూల," అన్నాడు తవుడు. "నాలుగు మూలలు పెడితే నాలుగు హద్దులు వాటంతటవే వస్తాయి. మూలలు గోడ బయట పెట్టమంటారా, లోపల పెట్టమంటారా, అదొక్కటే తేల్చాలి."

ఉపసంఘం రెండు దఫాలుగా కూర్చుంది. బయట పెడితే నాలుగు రాళ్ళలో ఒకటి మెట్ల మీద పడుతోంది, మూడు గాల్లో. మూడో అంతస్తు ఎత్తున గాల్లో రాయి నిలబెట్టే విధానం శాఖ మాన్యువల్‌లో లేదు. అందువల్ల లోపలే పెట్టాలని నిర్ణయించారు. గుండ్రటి గదిలో పట్టినంత పెద్ద చతురస్రం గీసి, దాని మూలలు గోడకు తగిలే చోట రాళ్ళు వేయాలి. అప్పుడు తూర్పు ఎక్కడ ఆగిందో, దక్షిణం ఎక్కడ మొదలైందో సబ్ రిజిస్ట్రారు గారు తన కళ్ళతో తాను చూసుకోవచ్చు.

రాళ్ళు పాతడం దగ్గర మళ్ళీ ఆగింది. సర్వే రాయిని అడుగున్నర లోతు పాతాలి. శ్లాబు మందం అయిదంగుళాలు. పాతితే రాయి కింది ఫ్లాటులో ఫ్యాను పక్కనుంచి దిగుతుంది. కింది ఫ్లాటుకు రావలసిన రాళ్ళు కూడా అక్కడే ఉంటాయి కాబట్టి ఒకే పొడుగు రాయిని ఏడంతస్తులకూ కలిపి నిలబెట్టొచ్చు గదా అని ఒక సభ్యుడు సూచించాడు. ఖర్చు దృష్ట్యా ఆ సూచనను భవిష్యత్ పరిశీలనకు ఉంచి, రాళ్ళను సగానికి కోసి సిమెంటుతో నేల మీద అతికించారు.

నరసమ్మ ఇంట్లో నాలుగు రాళ్ళు లేచాయి. రాయికీ రాయికీ మధ్య తెల్ల సున్నంతో గీతలు గీశారు. కబడ్డీ కోర్టులాగుందన్నాడు సూర్రావు.

ఈసారి ఆంజనేయులు గారు స్వయంగా వచ్చి, రాళ్ళను కాలి బొటనవేలితో తట్టి చూసి, తృప్తిపడ్డారు. ఆఫీసులో దస్తావేజు మళ్ళీ పైకి చదివారు. "విస్తీర్ణం రెండు వందల యాభై అయిదు చదరపు అడుగులు. తూర్పు హద్దు: మండలి వారి మిగులు స్థలం. దక్షిణం: మండలి వారి మిగులు స్థలం. పడమర..."

"నాలుగొందలు గదండి ఇల్లు?" అంది నరసమ్మ.

"హద్దుల లోపల రెండు వందల యాభై అయిదే ఉంది."

"మరి మిగిలింది?"

"అది హద్దుల బయట ఉంది. హద్దుల బయట ఉన్నది మీది ఎలా అవుతుందమ్మా?"

నరసమ్మ మొగుడి వైపు చూసింది. సూర్రావు గొంతు తగ్గించి, "ఒలే, ఏలుముద్ర ఎయ్యే. లోపలికెల్తే ఎవడొచ్చి గీతలు సూస్తాడు," అన్నాడు. ఆమె వేలిముద్ర వేసింది. తాళం వచ్చింది. పాపారావు ఆ సాయంత్రమే రేకులు విప్పించేశాడు. వెనక్కి వెళ్ళడానికి ఇక ఆ గది లేదు.

గీతలు చూడ్డానికి విజిలెన్సు వాళ్ళు వచ్చారు. నరసమ్మ వాళ్ళు కాపురం పెట్టిన మూడు రోజులకు నోటీసు అంటించారు. 'తమ యొక్క మంచమునకు గల రెండు కోళ్ళు మండలి వారి మిగులు స్థలములోనికి ఏడు అంగుళముల మేర చొచ్చుకొని ఉన్నట్లు గమనించడమైనది. సదరు కోళ్ళను తక్షణమే ఉపసంహరించుకొనవలెను.' సూర్రావు మంచం లోపలికి జరిపాడు. అప్పుడు వాళ్ళు మిగతాది కూడా గమనించారు. కుళాయి నరసమ్మ హద్దులో ఉంది. దాని కింద బకెట్టు మండలి హద్దులో ఉంది. రెండు కిటికీలూ మండలివే. వీధి తలుపు గుండ్రటి గోడలో ఉంది కాబట్టి, ఇంట్లోకి రావాలన్నా బయటికి పోవాలన్నా నరసమ్మ కుటుంబం రోజూ ప్రభుత్వ స్థలంలోకి అక్రమంగా ప్రవేశిస్తోంది.

మొగుడూ పెళ్ళాలు మళ్ళీ పట్నాయక్ గారి దగ్గరికి వెళ్ళారు.

"మీ ఇంటికి మీరు వెళ్ళడానికి మండలికి ఎటువంటి అభ్యంతరమూ లేదు," అన్నారాయన. "మా స్థలం మీదుగా వెళ్ళడం విషయంలోనే అభ్యంతరం."

"మరెలగెల్లాలండి? ఎగిరెల్లమంటారా?" అన్నాడు సూర్రావు.

"ఎగరడం మా శాఖ పరిధిలోకి రాదు."

"మా అత్త మూడ్రోజులుగా బాత్రూముకెల్లడానికి బయపడతంది బాబూ," అంది నరసమ్మ. "నోటీసొస్తాదని."

పట్నాయక్ గారు నిజంగానే బాధపడ్డారు. పొలాలకు దారి లేనివాళ్ళకు పక్క పొలం మీదుగా దారి హక్కు ఇచ్చినట్టే, ఫ్లాటుకు కూడా ఇవ్వొచ్చని అక్కడికక్కడే నిర్ణయించారు. తలుపు నుంచి గీత దాకా మూడడుగుల వెడల్పున నడక దారి. బాత్రూముకు తాత్కాలిక వినియోగ అనుమతి, నెలనెలా పొడిగించుకోవాలి. అయితే దారి ఇచ్చాక దారికి అటూ ఇటూ జనం జరుగుతారన్నది ప్రభుత్వ అనుభవం. అందుకని మండలి తన మిగులు స్థలాన్ని కాపాడుకోక తప్పదని, దారీ బాత్రూమూ వదిలి, తక్కిన గీతల మీద రక్షణ గోడ కట్టాలని ఉత్తర్వు వేశారు.

అప్పటికి తక్కిన ఫ్లాట్లవాళ్ళకూ ఇలాగే రాళ్ళూ తాళాలూ అందాయి. మేస్త్రీలు వచ్చారు. ఆరు బ్లాకుల్లో, ప్రతి ఫ్లాటులో, రాయి నుంచి రాయికి నిలువుగా తిన్నని గోడలు లేపారు. వంపు గోడ వల్ల ఫ్లాటుకు తొమ్మిదడుగుల గోడ మిగిలింది. ఆ వంపు వల్లే మిగిలిన స్థలాన్ని కాపాడే గోడ అరవై అడుగుల దాకా పట్టింది. మొదటిది నిర్మాణం పద్దు, రెండోది ఆస్తుల పరిరక్షణ పద్దు. రెండూ వేర్వేరు పద్దులైనందువల్ల పొదుపుకు భంగం రాలేదు.

నరసమ్మ ఇంటికి నాలుగు మూలలొచ్చాయి. కిటికీలు గోడ అవతలికి పోయాయి. పగలు కూడా లైటు వేస్తే తప్ప గిన్నె కనిపించదు. పప్పు ఉడికిస్తుంటే ఆవిరి గదిలోనే తిరుగుతోంది. పిల్లలిద్దరూ మెట్ల మీద చదువుకుంటున్నారు. సన్యాసమ్మ రాత్రీ పగలూ ఒకే తీరుగా పడుకుని, ఎప్పుడు లేచినా "తెల్లారిందేటే?" అని అడుగుతోంది.

"నీకిపుడు మూలలున్నాయి మావా, అలుగు," అంది నరసమ్మ ఒకరోజు.

"అలిగినా సీకట్లో ఎవరికగుపడతానే," అన్నాడు సూర్రావు. అతను ఆటోలోనే పడుకోవడం మొదలుపెట్టాడు.

ఇదిలా ఉండగా మండలి తన మిగులు స్థలాన్ని అమ్మకానికి పెట్టింది. 'అర్ధచంద్ర యూనిట్లు' అని పేపర్లో ప్రకటన వచ్చింది. పదహారడుగుల పొడవు, మధ్యలో మూడడుగుల పైచిలుకు వెడల్పు, కొసల్లో ఏమీ లేదు. అయినా ఒక పచ్చళ్ళ వ్యాపారి జాడీలు పెట్టుకోవడానికని వేలంపాట పాడాడు. ఆ దస్తావేజు ఆంజనేయులు గారి దగ్గరికి వెళ్ళింది.

"ఇటు తిన్నని గోడ. అటు వంపు గోడ. హద్దులు రెండే," అన్నారాయన. "గుండ్రటి ఇంటికి ఒకటే ఉండేది. ఆ లెక్కన మండలి ప్రగతి సాధించింది. ఇంకా రెండు కావాలి." అని ఎర్ర సిరా తీశారు.

అమ్మడానికి లేదు. ఆడిటు వాళ్ళు వచ్చి, ఇంత స్థలం ఎవరికీ కాకుండా గోడల మధ్య ఎందుకు ఉందని అడిగారు. జవాబు రాకపోతే పథకం పరువు పోతుంది. రెండో దశ మంజూరు ఆగిపోతుంది. పట్నాయక్ గారు మళ్ళీ సమావేశం పిలిచారు. ఈసారి పురికొస తేలేదు. జేబులోంచి ఒక బోలు ఇటుక తీసి టేబులు మీద పెట్టారు. జేబు చిరిగి ఉంది.

"గౌరవ సభ్యులు పరికించగలరు. దీని మధ్యలో ఖాళీ ఉంది. అయినా దీన్ని ఇటుకే అంటున్నాం. స్థలం అనడం లేదు. అలాగే రెండు గోడల మధ్య ఖాళీ ఉన్నంత మాత్రాన అది స్థలం కాదు. అది గోడ యొక్క మందం."

సభ్యులు ఇటుక లోపలికి చూశారు. నిజమే.

ఆ తీర్మానంతో మిగులు స్థలం రికార్డుల్లోంచి పోయింది. 'వర్తుల వసతి' గోడల మందం ఒక్క రోజులో తొమ్మిదంగుళాల నుంచి మూడడుగుల చిల్లరకు పెరిగింది. ఘనపుటడుగు గోడకు పడ్డ ఖర్చు లెక్కేస్తే మూడో వంతుకు దిగింది. ఇంత మందం గోడను ఇంత చవగ్గా కట్టినవాళ్ళు తమకు తెలిసినంతలో లేరని మండలి ప్రకటించుకుంది. పట్నాయక్ గారికి శాలువా కప్పారు. ఇతర జిల్లాల ఇంజనీర్లు బస్సుల్లో వచ్చి, గోడను వేళ్ళతో కొట్టి, లోపలి నుంచి వచ్చే శబ్దం విని వెళ్ళారు.

ఒక చిక్కు మిగిలింది. మండలి గోడ అంటే సున్నం వేయించే బాధ్యత మండలిది. ఆ భారం తప్పించుకోవడానికి గోడను లబ్ధిదారుల పేరనే రాయాలని నిర్ణయించి, అందరికీ సవరణ దస్తావేజులు పంపించారు. నరసమ్మ మూడోసారి రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళింది. సూర్రావుకు ఆటో బేరం ఉంది. ఒక్కతే వెళ్ళింది.

"తూర్పు: స్వంత గోడ," చదివారు ఆంజనేయులు గారు. "దక్షిణం: స్వంత గోడ. పడమర: స్వంత గోడ. ఉత్తరం: స్వంత గోడ. నాలుగూ వేర్వేరు గోడలు, నాలుగింటికీ మూలలున్నాయి. సలక్షణంగా ఉంది. వేలిముద్ర వెయ్యమ్మా."

నరసమ్మ వేలు సిరా బిళ్ళ మీద పెట్టి ఆగింది.

"సొంత గోడంటే మాదేనా బాబూ?"

"మీదే."

"మేకు కొట్టుకోవచ్చా?"

"భేషుగ్గా."

"ఎంత పొడుగు మేకు?"

"మీ గోడ, మీ మేకు."

"గూడెట్టుకోవచ్చా? దీపం గూడులాంటిది."

"స్వంత గోడలో గూడు పెట్టుకోవడం యజమాని హక్కు. అడ్డు చెప్పడానికి ఎవరికీ అధికారం లేదు. గూడు అవతలి వైపు బయటికి పొడుచుకు రాకూడదు, అంతే."

"ఎంత పెద్ద గూడండి?"

ఆంజనేయులు గారు చట్టం పుస్తకం తీశారు. గూడు పరిమాణం గురించి అందులో ఏమీ లేదు. లేని నిబంధనను ఆయన ఏనాడూ విధించలేదు. "గోడ మందం ఎంత ఉంటే అంత," అన్నారు.

నరసమ్మ వేలిముద్ర గట్టిగా వేసింది. తిరిగి వచ్చేటప్పుడు పాలకేంద్రం దగ్గర రోడ్డు పని చేస్తున్నవాళ్ళను అడిగి గునపం తీసుకుంది.

మధ్యాహ్నానికి తూర్పు గోడ మధ్యలో ఇటుకలు రాలడం మొదలైంది. సూర్రావు భోజనానికి వచ్చి, మొదట గోడ పడిపోయిందనుకున్నాడు. సంగతి విన్నాక చొక్కా విప్పి గునపం అందుకున్నాడు. సన్యాసమ్మ మొదట "ఒరే, నోటీసొస్తాదిరా" అంది. బెజ్జంలోంచి కిటికీ వెలుతురు తగిలాక కాళ్ళు అటే చాపుకుంది. సాయంత్రానికి పై అంతస్తు నుంచీ కింది అంతస్తు నుంచీ కూడా అదే చప్పుడు వినిపించింది. నరసమ్మ ఎవరికీ చెప్పలేదు. పిల్లలు మెట్ల మీద చెప్పారు.

మర్నాడు మండలి తవుణ్ణి పంపింది. కట్టడానికి హాని జరుగుతోందేమో చూసి రాసుకు రమ్మన్నారు. అతను తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. తూర్పు గోడలో ఆరున్నర అడుగుల పొడవున, మనిషెత్తున గూడు ఉంది. అంచులకు నరసమ్మ సిమెంటు పూసి, పసుపు రాసి, కుంకుమ బొట్లు కూడా పెట్టింది. గూడులో మంచం, మంచం మీద సూర్రావు, వెనక కిటికీ.

తవుడు వంగి గూడు లోతు కొలిచాడు. వంపు గోడ చెక్కు చెదరలేదు. గూడు అవతలికి పొడుచుకు రాలేదు.

"ఇదేటమ్మా?" అన్నాడు.

"గూడండి. మా సొంత గోడలో ఎట్టుకున్నాం. రిజిస్ట్రారు బాబుగారు ఎట్టుకోవచ్చన్నారు."

"అన్నారా?"

"అవతలికి రాకూడదన్నారు. రానేదు గదా. సూసుకోండి."

తవుడు చూసుకున్నాడు. పెన్సిలు కొన నాలిక మీద తడుపుకున్నాడు. అతని తనిఖీ కాగితంలో గూడు అన్న గడి ఉంది. దాని ఎదురుగా అందులో ఏమి ఉంచబడినదో రాయాలి.

"ఇందులో ఏటి పెట్టుకున్నావని రాయమంటావు?"

"మా ఆయన్ని," అంది నరసమ్మ.

సూర్రావు మంచం మీద లేచి కూర్చుని, నమస్కారం పెట్టాడు. తవుడు రాసుకున్నాడు.

"ఇంకా గోడలున్నాయి కదా. వాటిలో కూడా పెడతావా గూళ్ళు?"

"ఉత్తరం గోడలో మా అత్తని ఎడతానండి. ఆవిడకి కిటికీ కావాల. దక్షిణం గోడలో పిల్లలిద్దర్నీ సర్దుతాను."

"పడమర?"

"పడమర గోడలో బాత్రూము ముందే ఉంది. అది మీరే ఎట్టీసినారు."

తవుడు అది కూడా రాసుకున్నాడు. కింద సంతకం చేసే ముందు ఒక వరస కలిపాడు: 'గోడలు బలముగా ఉన్నవి. కుటుంబమంతయు వాటియందే నివసించుచున్నది. అభ్యంతరము లేదు.'